‘సిరిమంద’ పేరు మీద నేనిచ్చిన మూడు పేజీల అభిప్రాయం

ఈ జిల్లాలో వేరుశనగ గురించి రాసినవాళ్లున్నారు, బోర్ల గురించి రాసినవాళ్లున్నారు, కరువు గురించి రాయనివాళ్లే లేరు. ట్రేడ్‌మార్క్ ఏజెంటు అనేవాడు ఒకడు ఇరవై రెండేళ్లు అనంతపురంలో కూర్చుని పనిచేశాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. వర్తకుల సంఘం రజతోత్సవ సంచిక వేసినప్పుడు ఆడిటర్ల చేత, ప్లీడర్ల చేత, ఆఖరికి లారీ బ్రోకర్ల చేత కూడా వ్యాసాలు రాయించారు. నన్ను అడగలేదు. ఎందుకు అడగలేదని ఉత్తరం రాస్తే దానికీ జవాబు రాలేదు. అందుకని అడక్కుండానే రాస్తున్నాను.

నేను చెప్పబోయే పని 2004 ఏప్రిల్‌లో నా దగ్గరికి వచ్చింది. కంబదూరు మండలంలో ఒక ఊళ్లో కురుబ కుటుంబాలు పెట్టుకున్న కంబళి నేతగాళ్ల సంఘానికి పేరు రిజిస్టరు చేయించాలి. ఊరి పేరు రాయను. ఆ సంఘానికి అండగా ఉన్న స్వచ్ఛంద సంస్థ పేరు కూడా రాయను. సంస్థ తరఫున వచ్చిన ప్రాజెక్టు అధికారిని ఇక్కడ శ్రీధరరావు అని పిలుస్తాను. ఆయన అసలు పేరు ఆయనకు తెలుసు.

ట్రేడ్‌మార్క్ ఏజెంటు అంటే ప్లీడరు కాదు. ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ పెట్టే పరీక్ష ప్యాసై, వాళ్ల జాబితాలో పేరు ఎక్కించుకున్నవాడు. వ్యాపారి తన సరుకు మీద వేసుకునే పేరు గానీ బొమ్మ గానీ ఇంకొకరిది కాకుండా చూసి, దరఖాస్తు పెట్టి, వచ్చిన అభ్యంతరాలకు జవాబులు రాసి, రిజిస్టరు చేయించి ఇవ్వడం అతని పని. మాకు రిజిస్ట్రీ చెన్నైలో ఉండేది. నా కక్షిదారుల్లో ఎక్కువమంది నూనె మిల్లుల వాళ్లు, బీడీ కట్టల వాళ్లు, ఊదుబత్తుల వాళ్లు. ఒక మిల్లు డబ్బా మీద నెమలి ఉంటే పక్క మిల్లువాడు హంసను వేసి, నెమలి రంగులన్నీ దానికి పూస్తాడు. అలాంటి తగాదాలతోనే నా కాలం గడిచింది.

శ్రీధరరావు కోస్తా నుంచి వచ్చిన మనిషి. చదువుకున్నవాడు, చురుకైనవాడు. ఆ మాట కాదనను. నా ఎదురుగా కూర్చుని, పని దాదాపు అయిపోయినట్టే మాట్లాడాడు.

“పేరు ఖాయమైపోయిందండీ, సిరిమంద. దేవుడూ ఇచ్చాడు, కంప్యూటరూ ఇచ్చింది. మీరు రిజిస్ట్రీ ముద్ర వేయిస్తే సరి.”

దేవుడు ఇవ్వడం ఏమిటో ఆయనే చెప్పాడు. ఆ ఊళ్లో ఏ పెద్ద పని మొదలుపెట్టాలన్నా బీరప్ప గుడిలో పువ్వు అడుగుతారు. విగ్రహానికి రెండు పక్కలా తడిపూలు అంటించి, అడగవలసింది అడిగి కూర్చుంటారు. కుడిపక్క పువ్వు రాలితే సరేనని, ఎడమపక్కది రాలితే వద్దని అర్థం. శ్రీధరరావు నాలుగు పేర్లు రాసి తీసుకుపోయాడు. మూడో పేరుకు కుడిపువ్వు రాలింది. మర్నాడే ఆయన ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, సిరిమంద డాట్ కామ్ ఖాళీగా ఉందని చూసి, అప్పటికప్పుడే కొనేశాడు.

నేను ఆయనకు ఒక సంగతి ఓపిగ్గా చెప్పాను. వెబ్‌సైటు అడ్రసు అమ్మే కంపెనీ కంప్యూటరు చూసేది ఒక్కటే, ఈ అక్షరాల వరుసను ఇంతకు ముందు ఎవరైనా తీసుకున్నారా లేదా అని. ఆ పేరుతో ఎవరైనా దుప్పట్లు అమ్ముతున్నారా, దాన్ని రిజిస్టరు చేయించుకున్నారా అన్నది దానికి తెలియదు, అక్కర్లేదు. ఒక కంపెనీ ఒక పేరుతో ఏళ్ల తరబడి సరుకు అమ్ముతూ వెబ్‌సైటు మాత్రం పెట్టుకోకపోతే, ఆ అడ్రసు ఖాళీగానే కనిపిస్తుంది. ఆ రోజుల్లో అలాంటి కంపెనీలు చాలా ఉండేవి. ఖాళీ అడ్రసు దొరికింది కదా అని ఆ పేరు మనదైపోదు. ముందు రిజిస్ట్రీలో వెతికించాలి. ఆ తర్వాతే అడ్రసు కొనాలి, ఆ తర్వాతే సరుకు మీద పేరు వేయాలి.

ఆయన నవ్వాడు. “మాస్టారూ, మీరింకా బీడీ కట్టల దగ్గరే ఉండిపోయారు. ఇది ఇంటర్నెట్టండీ!”

అప్పుడు గదిలో మా టైపిస్టు ఉంది, ఊదుబత్తుల కక్షిదారులు ఇద్దరున్నారు. ముగ్గురూ విన్నారు. ఒక ఊదుబత్తులాయన మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు కూడా. నేను వెతికించకుండా దరఖాస్తు పెట్టనని మాత్రం చెప్పాను. సరే, మీ తృప్తి కోసం వెతికించుకోండి అన్నాడు.

అప్పట్లో ఏజెంటు తన గదిలో కూర్చుని కంప్యూటర్లో వెతికే వీలు లేదు. టి.ఎం. 54 అనే ఫారం నింపి పంపాలి. సరుకులన్నిటినీ రిజిస్ట్రీవాళ్లు తరగతులుగా విభజించి ఉంచారు. దుప్పట్లు, పక్కబట్టలు, కంబళ్లు ఇరవై నాలుగో తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిలో అదే పేరు గానీ, చెవికి దాదాపు అలాగే వినిపించే పేరు గానీ ఉందేమో వాళ్లు చూసి రాతపూర్వకంగా చెబుతారు. జూన్‌లో నివేదిక వచ్చింది. బెంగళూరులో ఒక కంపెనీ కొన్నేళ్ల కిందటే అదే పేరును అదే తరగతిలో రిజిస్టరు చేయించుకుంది. పక్కబట్టలు, దుప్పట్లు అమ్ముతోంది. సిరి అన్నా, మంద అన్నా కన్నడం వాళ్లకూ తెలిసిన మాటలే. వాళ్లకు ఆ పేరు తోచడంలో వింతేమీ లేదు.

నేను మూడు పేజీల అభిప్రాయం ఇంగ్లీషులో టైపు చేయించాను. మొదటి పేజీలో నివేదిక సారాంశం. రెండో పేజీలో రాబోయే చిక్కు. వెబ్‌సైటు అడ్రసుల తగాదాలు తీర్చే విదేశీ వేదిక ముందు మనం నిలబడగలిగినా నిలబడగలం, ఎందుకంటే అక్కడ దురుద్దేశం కూడా రుజువు కావాలి, మనకు అది లేదు. కానీ రిజిస్టరైన పేరు మీద కోర్టులో వేసే కేసుకు దురుద్దేశంతో పనిలేదు. పైగా కొత్త చట్టం ప్రకారం ఆ కంపెనీ తన వ్యాపారం ఉన్న చోటే, అంటే బెంగళూరులోనే, దావా వేసుకోవచ్చు. కంబదూరు నేతగాళ్లు వాయిదా వాయిదాకు బెంగళూరు పోవాలి. మూడో పేజీలో సలహా. ఈ పేరును సరుకు మీద వేయవద్దు, అడ్రసును వాడవద్దు, వేరే పేరు ఎంచుకుని ముందు నాకు పంపండి. రిజిస్టరు పోస్టులో, అందినట్టు సంతకం తిరిగి వచ్చే కార్డుతో పంపాను. జూన్ ఆఖరి వారంలో కార్డు తిరిగి వచ్చింది. దాని మీద శ్రీధరరావు సంతకం ఉంది.

జవాబు రాలేదు. రెండు వారాలు చూసి ఫోన్ చేశాను.

“వాళ్లు ఒప్పుకోరండీ. అది దేవుడిచ్చిన పేరు. వాళ్ల నమ్మకాల్లో మనం వేలు పెట్టకూడదు” అన్నాడు.

నేను అక్కడితో ఊరుకున్నాను. అలా ఊరుకోవడం గురించి తర్వాత రాస్తాను.

ఆగస్టులో వెబ్‌సైటు తెరిచారు. సెప్టెంబరులో బెంగళూరులో ఇళ్ల అలంకరణ సామాను అమ్మే ఒక షాపు దాన్ని చూసి రెండువందల నలభై కంబళ్లకు ఆర్డరిచ్చింది. అన్నీ ఒకే కొలత, మంచానికి సరిపోయే పొడవు. అది ఆ సంఘానికి ఎంత పెద్ద విషయమో చెప్పాలి. వరసగా వానలు లేని కాలం. చేలల్లో కాయ నిలవలేదు. ఆ ఊరి కురుబలకు మిగిలినవి గొర్రెలు, మగ్గాలు. మగ్గం ఆడితే మనిషి ఊళ్లో ఉంటాడు, ఆగితే బెంగళూరులో కాంక్రీటు మోయడానికి బస్సెక్కుతాడు. ఆ ఆర్డరు వల్ల ఆ శీతాకాలం బస్సెక్కవలసినవాళ్లు ఎక్కలేదు.

అక్టోబరు చివర పేరుతో మొదటి కంబళి మగ్గం మీద నుంచి దిగింది. పేరును చీటీగా కుట్టి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. నేతగాళ్లు నల్ల కంబళి అంచు మీద తెల్ల ఉన్నితో పేరు నేశారు. గుంటమగ్గం మీద అక్షరాలు తేవడం తేలిక కాదు. నేశాక నీళ్లు చల్లి కాళ్లతో తొక్కుతారు. అప్పుడు పోగు పోగుకు కరుచుకుని, అక్షరం కంబళిలో కలిసిపోతుంది. శ్రీధరరావు ఆ అంచు ఫొటోనే వెబ్‌సైటు మీద పెట్టాడు.

బెంగళూరు షాపువాళ్లు మొదటి విడతగా వెళ్లిన కంబళ్లను పక్కబట్టల పక్కనే పేర్చారు. ఆ పక్కబట్టల్లో పేరు రిజిస్టరు చేయించుకున్న ఆ కంపెనీవి కూడా ఉన్నాయి. పేరు ఒకటే కదా, ఇవీ వాళ్లవేనా అని కొనేవాళ్లు అడిగారట. ట్రేడ్‌మార్క్ చట్టం అంతా ఆ ఒక్క ప్రశ్న రాకుండా చూడటానికే ఉంది. 2005 జనవరిలో సంఘానికీ, షాపుకూ కంపెనీ వకీలు నోటీసులు పంపాడు. పదిహేను రోజుల్లో పేరు వాడటం ఆపాలి, అడ్రసు అప్పగించాలి, ఆ పేరున్న సరుకును నాశనం చేయాలి. లేకపోతే దావా.

శ్రీధరరావు నోటీసు పట్టుకుని నా గదికి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. నా ఉత్తరం చదివారా అని అడిగాను.

“ఆ విషయం తర్వాత మాట్లాడుకుందామండీ. ముందిది చూడండి” అన్నాడు.

ఆ ‘తర్వాత’ ఇంతవరకు రాలేదు.

చట్టంలో మాకు ఒకే ఒక దారి కనిపించింది. రిజిస్టరు చేసుకున్నవాడి కంటే ముందు నుంచి ఎవరైనా ఆ పేరును ఆపకుండా వాడుతూ ఉంటే, వాళ్లను ఆపే హక్కు అతనికి లేదు. తాతల కాలం నుంచి సంతల్లో ఆ కంబళ్లను ఎవరైనా సిరిమంద అని అడిగేవారా అన్నది తేల్చుకోవాలి. దానికి సాక్ష్యం కావాలి. అందుకోసం నేను మొదటిసారి ఆ ఊరికి వెళ్లాను. మొదటిసారి అన్న మాట గమనించండి. పని ఒప్పుకుని తొమ్మిది నెలలైంది.

కళ్యాణదుర్గం మీదుగా కంబదూరు చేరి, అక్కడి నుంచి జీపులో వెళ్లాను. వీధి పొడుగునా పడుగు సాగదీసి, దానికి చింతగింజల గంజి పూసి కుంచెతో దువ్వుతున్నారు. సంఘం అధ్యక్షుడు లింగప్పకు అరవై దాటి ఉంటాయి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు నన్ను చూసి లేచాడు. అరుగు మీద హనుమక్క అనే ఆవిడ కదురు తిప్పుతూ ఉంది. ఊళ్లో ఉన్ని వడికే ఆడవాళ్లందరికీ ఆవిడ పెద్ద.

“ఈయప్పేనా కంబళ్లు కాల్చేయమని సెప్పేకి వచ్చిండేది?” అంది హనుమక్క, కదురు ఆపకుండానే.

“కాదులే అక్కా, ఈ సారు మన పక్క” అన్నాడు లింగప్ప.

“మన పక్కోడైతే ఇన్నాళ్లూ యాడికి పోయినాడంట?”

నేను పనిలోకి దిగాను. ఈ పేరు మీ పెద్దల కాలంలో ఉండేదా, సంతలో ఎవరైనా ఈ పేరు చెప్పి అడిగేవాళ్లా అన్నాను. అవునని ఒక్క మాట అంటే నాకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. లింగప్ప తల అడ్డంగా ఊపాడు.

“లేదు సారూ. అబద్ధం సెప్పేకి నోరు రాదు. పోయిన ఉగాది ముందర పుట్టింది ఆ పేరు. ఆ ప్రాజెక్టు సారు నాలుగు పేర్లు రాసకొచ్చినాడు. దేవుని ముందర పెట్టినాము. మూడోదానికి కుడిపువ్వు ఇచ్చినాడు. అంతే.”

ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. నోటుపుస్తకం మూసి, నాకు కొంచెం కోపంగానే ఉంది కాబట్టి, అన్నాను. దేవుడిచ్చిన పేరని మీరు పట్టు పట్టకపోయి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు, జూన్‌లోనే వద్దని రాశాను కదా అని.

లింగప్ప నా మొహం వంక చూశాడు. “ఎవురు పట్టు పట్టింది?”

“మీరు వదలరని శ్రీధరరావు గారు చెప్పారు.”

“మమ్మల్ని ఎవురు అడిగినారప్పా?”

హనుమక్క కదురు ఆగింది. నా సంచిలో ఆ ఉత్తరం కార్బన్ నకలు ఉంది. తీసి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పుకుంటూ మూడు పేజీలూ చదివాను. వీధిలో పడుగు దువ్వుతున్నవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. చదవడానికి పావుగంట కూడా పట్టలేదు.

“ఇంతేనా?” అన్నాడు లింగప్ప. “ఇది జూన్లోనే రాసిండావా?”

“రాశాను.”

“మళ్ల మాకెందుకు రాయలేదు? సంగం మాది, మగ్గం మాది, పేరు మాది. కాగితం ఆయప్పకి రాస్తివి.”

నాకు పని అప్పగించినవారికే అభిప్రాయం పంపడం పద్ధతి అని చెప్పాను. పనిని సంస్థ అప్పగించిందనీ, చిరునామా వాళ్లదనీ చెప్పాను.

“పద్ధతి సరేలేప్పా” అన్నాడు. “బోరు వేసేకి ముందర పువ్వు అడుగుతాము సారూ. పువ్వు ఇచ్చిన సోట నీళ్లు పడకుంటే దేవుడు అబద్ధమాడినాడు అంటామా? ఇంగో సోట సూపించి మళ్లా అడుగుతాము. పేరైనా అంతే. ఇది ఇంగొకరిది అంటే ఇంగోటి అడిగింటాము. అరగంట పని.”

“ఈయప్ప పువ్వు అడిగిన బోర్లు మూడూ ఎండిపాయ” అంది హనుమక్క. “మళ్లా అడిగేది ఈయప్పకి బాగా అలవాటు.”

నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. లింగప్ప నవ్వలేదు. నేనూ నవ్వలేదు. జూలైలో ఫోన్ పెట్టేసిన తర్వాత నేను బస్సెక్కి ఆ ఊరికి వచ్చి ఉంటే, ఆ అరగంట పని అప్పుడే జరిగిపోయేది. అప్పటికి అంచు మీద ఒక్క అక్షరం నేయలేదు. ఆర్డరు కూడా రాలేదు.

దావా దాకా పోనివ్వకుండా రాజీ కుదర్చడం నా వంతు వచ్చింది. ఆ కంపెనీ వాళ్లను నేను తప్పు పట్టను. తమ పేరును తాము కాపాడుకున్నారు. వాళ్ల వకీలు మర్యాదగానే మాట్లాడాడు. సంఘం పరిస్థితి వివరించాక నష్టపరిహారం అడగలేదు, గడువు నెల రోజులకు పెంచాడు. కానీ ఆ పేరున్న కంబళి ఒక్కటి కూడా బజారులో కనిపించకూడదన్న షరతు వదల్లేదు. వదలమని అడగడానికి నాకు చట్టంలో ఆధారం లేదు. సిరిమంద డాట్ కామ్ కూడా వాళ్ల పేరు మీదికి మారిపోయింది. ఆ కాగితాల మీద శ్రీధరరావు సంతకం పెట్టాడు.

షాపు తిప్పి పంపినవి, నేసి ఉంచినవి కలిపి నూట అరవై దాకా కంబళ్లు ఉన్నాయి. అంచు కత్తిరించేస్తే సరిపోతుందని నేను చెప్పాను. లింగప్ప ఒప్పుకోలేదు. ఆయన పట్టు పట్టినది ఆ ఒక్క విషయంలోనే.

“కంబళిని కోసేకి లేదు సారూ. దేవుని కింద పరిచేది అది. కాల్చేకీ లేదు. నేసిన సెయ్యే ఇప్పాల.”

అలాగే చేశారు. కంబళి అంచును నీళ్లలో నానబెట్టి, కొస దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క పేక పోగునూ వెనక్కి లాగుతూ పేరు పోయేదాకా విప్పారు. తొక్కి బిగించిన ఉన్ని కదా, పోగు సులువుగా రాలేదు. ఒక్కో కంబళికి ఇద్దరు మనుషులు, దాదాపు ఒక పూట. సాక్షిగా ఉండి, పేరు పోయినట్టు రాసి ఇవ్వాలి కాబట్టి నేను మూడు రోజులు అక్కడే ఉన్నాను. తెల్ల అక్షరాలు ముందు వంకరపోయి, తర్వాత బోడి గీతలై, చివరికి ఉండలుగా పక్కన పడేవి. పేరు పోయాక ప్రతి కంబళీ జానెడు పొట్టిదైంది.

ఆ జానెడుతోనే ఆర్డరు పోయింది. షాపువాళ్లు కొలత సరిపోలేదన్నారు. నిజానికి నోటీసు అందిన రోజే వాళ్లు వెనక్కి తగ్గారని నా అనుమానం, కానీ కాగితం మీద రాసిన కారణం మాత్రం కొలతే. కంబళ్లు మామూలు కంబళ్లలాగే గొర్రెల సంతలో అమ్ముడుపోయాయి. మార్చి దాటేసరికి మగ్గం గుంటలు కొన్నింటి మీద పలకలు పరిచారు. ఆ ఇళ్లవాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు. హనుమక్క కూడా వెళ్లింది, ఆ వయసులో, కోడలితో పాటు ఇసుక జల్లించడానికి. వెళ్లే ముందు నాకు కబురంపింది, ఆ కాగితం మళ్లీ ఎప్పుడైనా రాస్తే తెలుగులో రాయమని.

ఆ వేసవిలో లింగప్ప నా గదికి వచ్చి, ఇంకో పేరు చూద్దామన్నాడు. ఈసారి వరస మార్చాము. ముందు అయిదు పేర్లు అనుకుని రిజిస్ట్రీకి పంపాము. రెండింటికి అడ్డం ఉందని వచ్చింది, వాటిని కొట్టేశాను. మిగిలిన మూడూ ఆయన బీరప్ప ముందు పెట్టాడు. కుడిపువ్వు రాలిన పేరుకు వెబ్‌సైటు అడ్రసు ఖాళీగా ఉందో లేదో ఆఖర్న చూశాము. ఉంది. రిజిస్ట్రీ అయ్యాక దేవుడు, దేవుడు అయ్యాక కంప్యూటరు. ఆ పేరు ఇప్పటికీ సంఘం పేరు మీదే ఉంది. వాళ్ల అనుమతి తీసుకోలేదు కాబట్టి ఇక్కడ రాయను. కానీ అంత పెద్ద ఆర్డరు మళ్లీ రాలేదు. పోయినవాళ్లలో కొందరు మగ్గాల దగ్గరికి తిరిగి రాలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. 2006లో సంస్థ తన ప్రాజెక్టు ముగింపు నివేదిక అచ్చు వేసింది. మంచి కాగితం, రంగుల అట్ట. అందులో కంబళి సంఘం గురించి ఒక వాక్యం ఉంది. స్థానికంగా సరైన న్యాయ సలహా అందుబాటులో లేకపోవడం వల్లా, సంప్రదాయ విశ్వాసాల కారణంగా పేరు మార్పుకు నేతగాళ్లు సుముఖంగా లేకపోవడం వల్లా అనుకున్న ఫలితం రాలేదు అని. ఒకే వాక్యంలో రెండు అబద్ధాలు. సలహా అందుబాటులో ఉంది, దాన్ని అందుకున్నట్టు సంతకం కూడా ఉంది. నేతగాళ్లు సుముఖంగా లేకపోవడం కాదు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ నివేదికను లింగప్పకు చదివి వినిపించినప్పుడు ఆయన, మా దేవుని మీద పెట్టినారా అని మాత్రం అన్నాడు.

శ్రీధరరావుకు ఆరు ఉత్తరాలు రాశాను. సంస్థ పెద్దలకు నాలుగు రాశాను. అన్నిటికీ అందినట్టు కార్డులు తిరిగి వచ్చాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఖాళీగా ఉన్న వెబ్‌సైటు అడ్రసు ఏ హక్కునూ ఇవ్వదు. పేరు ముందు రిజిస్ట్రీలో, ఆ తర్వాత బజారులో వెతకాలి, అడ్రసు ఆఖర్న కొనాలి. సరుకు మీద నుంచి చెరపలేని విధంగా పేరు వేసే ముందు ఈ పని అయిపోయి ఉండాలి. ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో దొరకనిది ఇంకొకటుంది. నష్టం ఎవరి మీద పడుతుందో అభిప్రాయం వాళ్లకు, వాళ్ల భాషలో చేరాలి. పని అప్పగించినవాడికి చేరితే చాలని నేను అనుకోవడం తప్పు. వాళ్లు ఒప్పుకోరు అని మధ్యవాడు చెప్పిన మాటను వాళ్లను అడక్కుండానే నమ్మడం అంతకంటే పెద్ద తప్పు. నన్ను ఎవరూ లెక్కచేయలేదని ఇన్నాళ్లూ రాస్తూ వచ్చినవాణ్ని, ఆ జూలైలో నేను లింగప్పను లెక్కచేయలేదు. 2005 నుంచి పని మానేసేదాకా ప్రతి అభిప్రాయంతో పాటు ఒక తెలుగు పేజీ జతచేశాను, కక్షిదారుల్ని పిలిపించి చదివి వినిపించాను.

నా తప్పు నేను రాశాను. ఇక మీ వంతు, శ్రీధరరావు గారూ. నా ఉత్తరం అందుకుని మీరు సంతకం పెట్టిన రోజుకూ, పేరుతో మొదటి కంబళి మగ్గం దిగిన రోజుకూ మధ్య నాలుగు నెలలున్నాయి. ఆ నాలుగు నెలల్లో మీరు ఆ ఊరికి ఎన్నోసార్లు వెళ్లారు, ఫొటోలు తీశారు, భోజనాలు చేశారు. పావుగంట కూడా పట్టని ఆ మూడు పేజీలు వాళ్లకు ఎందుకు చదివి వినిపించలేదు? లింగప్ప ఇంకా ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఎవరికి రాసినా సరే, జవాబు రాయండి.